'నరం దెబ్బతినవచ్చు': జ్ఞానదంత శస్త్రచికిత్స వివరణలో తెలుగు వైద్యభాష - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

కింది దవడలోని జ్ఞానదంతాన్ని తొలగించే ముందు రోగికి తెలుగులో చేసే హెచ్చరిక తరచుగా ఒకే వాక్యానికి కుదించుకుపోతుంది: 'నరం దెబ్బతినవచ్చు.' నరం ఒక్కటేననీ, అది వెళ్ళే దారి అందరి దవడల్లో ఒకేలా ఉంటుందనీ, కలిగే నష్టం ఒకే రకమనీ ఈ వాక్యం ధ్వనింపజేస్తుంది. దవడ ఎముకలోని నాడీనాళం వ్యక్తికీ వ్యక్తికీ మారుతుందన్న అంగరచనాశాస్త్ర జ్ఞానం ఈ మూడింటినీ తోసిపుచ్చుతోంది. ఆ వాక్యాన్ని పదం పదంగా విడదీసి, అది దాచిపెడుతున్న విషయాలేమిటో, వాటిని చెప్పగల శక్తి తెలుగుకు ఏ మేరకు ఉందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వైద్యభాష, జ్ఞానదంతం, దవడ నాడీనాళం, సమ్మతి, స్పర్శలోపం, పారిభాషిక పదాలు

1. ప్రవేశిక

తెలుగులో శాస్త్ర విషయాలు రాయాలన్న సంకల్పానికి నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి మొదలు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ వరకు అనేక సంస్థలు ఈ పనికి పూనుకున్నాయి. పాఠ్యపుస్తకాలు వెలువడ్డాయి, పదకోశాలు తయారయ్యాయి. అయితే ఆ కృషిలో ఎక్కువ భాగం విద్యార్థిని దృష్టిలో పెట్టుకొని జరిగినదే. వైద్యుని ముందు కుర్చీలో కూర్చున్న రోగి అవసరం వేరు. విద్యార్థికి నిర్వచనం కావాలి. రోగికి తన శరీరానికి సంబంధించిన నిర్ణయం తీసుకోవడానికి సరిపడే వివరణ కావాలి. నిర్వచనంలో లోపం ఉంటే మార్కులు పోతాయి. వివరణలో లోపం ఉంటే, జరిగే నష్టానికి తెలియకుండానే అంగీకరించినట్లవుతుంది.

ఈ తేడాను చూపడానికి జ్ఞానదంత శస్త్రచికిత్స తగిన ఉదాహరణ. సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ళ మధ్య వచ్చే ఈ చివరి దవడపన్ను, చోటు చాలక ఎముకలోనే ఇరుక్కుపోవడం సర్వసాధారణం. దాన్ని తీయడం దంతవైద్యంలో తరచుగా జరిగే శస్త్రచికిత్సల్లో ఒకటి. చాలామంది ఏ సమస్యా లేకుండా కోలుకుంటారు. కొద్దిమందికి మాత్రం కింది పెదవి, గడ్డం లేదా నాలుక స్పర్శ తగ్గుతుంది. ఆ కొద్దిమందిలో ఎవరుంటారన్నది కొంతవరకు వారి దవడ ఎముకలోని నాడీనాళం ఉన్న తీరును బట్టి ఉంటుంది. ఆ తీరును గురించి రోగికి చేరే సమాచారమంతా పై వాక్యంలోనే ఇమిడి ఉంటే, ఆ వాక్యాన్ని విమర్శకు పెట్టడం భాషాధ్యయనం చేసేవారి బాధ్యత కూడా అవుతుంది.

2. 'నరం': ఒక పదం, అనేక అర్థాలు

వ్యవహారంలో 'నరం' అన్న మాటకు కచ్చితమైన ఎల్లలు లేవు. చేతిమీద ఉబ్బి కనిపించే సిరనూ నరమే అంటారు. మెడ పట్టేస్తే 'నరం పట్టింది' అంటారు. రక్తం తీసేవారు 'నరం దొరకడం లేదు' అంటారు. నీరసాన్ని 'నరాల బలహీనత' అనడమూ ఉంది. ఈ అలవాటు ఉన్న శ్రోతకు 'నరం దెబ్బతినవచ్చు' అన్న మాట రక్తస్రావంగానో, దవడ పట్టేయడంగానో, మూతి వంకరపోవడంగానో అర్థం కావచ్చు. పాఠ్యపుస్తకాలు ఎంచుకొన్న 'నాడి' అన్న పదంతోనూ చిక్కు తీరదు. 'నాడి చూడటం' అంటే తెలుగువారికి మణికట్టు దగ్గర రక్తనాళపు కొట్టుకోలును పరీక్షించడమే.

ఇక్కడ ప్రస్తావనకు వచ్చే నరాలు నిజానికి రెండు. మొదటిది కింది పళ్ళకు, కింది పెదవికి, గడ్డానికి స్పర్శజ్ఞానం ఇచ్చే నరం. ఐదో కపాలనాడి మూడో శాఖ నుంచి పుట్టి, దవడ ఎముక వెనుకభాగపు లోపలి గోడలో ఉన్న రంధ్రం ద్వారా ఎముకలోకి దిగి, రక్తనాళాలతో కలిసి ముందుకు సాగుతుంది. చిన్న దవడపళ్ళ దిగువన ఒక శాఖగా బయటికి వచ్చి పెదవికీ గడ్డానికీ చేరుతుంది. రెండోది నాలుకకు వెళ్ళే నరం. ఇది ఎముకలో ఉండదు. జ్ఞానదంతం పక్కనే, నాలుకవైపు మెత్తని కణజాలంలో ఉంటుంది. నాలుక ముందరి మూడింట రెండు వంతులకు స్పర్శను ఇది అందిస్తుంది. ఆ భాగపు రుచిని మోసే తంతువులూ దీనితోనే కలిసి వెళ్తాయి. మామూలు ఎక్స్‌రేలో ఇది కనిపించదు. 'నరం' అన్న ఏకవచనం ఈ రెండో నరాన్ని పూర్తిగా మింగేస్తోంది.

పేర్ల విషయంలో మరో అపార్థమూ పొంచి ఉంది. గడ్డానికి వెళ్ళే శాఖను ఆంగ్లంలో 'మెంటల్ నర్వ్' అంటారు. ఆ విశేషణం గడ్డం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మనసుకు దానితో సంబంధం లేదు. తెలుగులో 'మెంటల్' అన్న మాటకు స్థిరపడిన అర్థం తెలిసినదే. ఆ నరానికి దెబ్బ తగులుతుందని విన్న రోగి ఏమనుకుంటాడో ఊహించడం కష్టం కాదు. 'గడ్డం నరం' అంటే చాలు. అర్థమూ చెడదు, భయమూ కలగదు.

పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్న నమ్మకం ఇప్పటికీ చాలామందిలో ఉంది. చూపునిచ్చే నాడి వేరు, పై పళ్ళకు వెళ్ళే నాడి వేరు. లేని ప్రమాదానికి జనవ్యవహారంలో స్పష్టమైన వాక్యం ఉంది. ఉన్న ప్రమాదానికి అస్పష్టమైన వాక్యమే దక్కింది. ఇది తెలుగు వైద్యభాష లోటును పట్టిచూపే వైరుధ్యం.

3. వాక్యంలో లేని దారి

'నరం దెబ్బతినవచ్చు' అన్న వాక్యంలో నరం ఎక్కడుందన్న ప్రస్తావనే లేదు. ప్రమాదమంతా ఆ 'ఎక్కడ'లోనే ఉంది. ఎముకలో నరం సాగే దారిని పారిభాషిక తెలుగులో 'నాళం' అనో 'కుల్య' అనో అంటారు. రోగికి 'కాలువ' అంటే సులభంగా తెలుస్తుంది. పైగా కాలువకు పిల్లకాలువలుంటాయని, అది వంపులు తిరుగుతుందని తెలుగు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ వైవిధ్యాల్లో జ్ఞానదంత శస్త్రచికిత్సకు సంబంధించినవి ప్రధానంగా మూడు. మొదటిది స్థానభేదం. కాలువ కొందరిలో పన్ను వేళ్ళకు చాలా కింద ఉంటుంది. కొందరిలో వేళ్ళను ఆనుకొని బుగ్గవైపో నాలుకవైపో ఉంటుంది. అరుదుగా రెండు వేళ్ళ మధ్యనుంచే వెళ్తుంది. నాలుకవైపు గాని, వేళ్ళ నడుమ గాని ఉండి, మధ్యనున్న ఎముక పొర లోపించినప్పుడు ప్రమాదం ఎక్కువ. పన్నును కదిలించినపుడు వేరు నేరుగా నరాన్ని నొక్కుతుంది.

రెండోది కాలువ చీలిక. ఒక కాలువ రెండుగా చీలి, రెండింటిలోనూ నరపు పోగులు సాగడం. ఇలాంటి వారికి మామూలుగా ఇచ్చే మత్తు ఇంజెక్షన్ పూర్తిగా పనిచేయకపోవచ్చు. పెదవి మొద్దుబారుతుంది, పన్ను దగ్గర మాత్రం నొప్పి తెలుస్తూనే ఉంటుంది. మూడోది జ్ఞానదంతం వెనుక ఎముక పైభాగానికి తెరుచుకొనే చిన్న శాఖ. అందులోనూ నరపు పోగులు, రక్తనాళాలు ఉంటాయి. చిగురు కోసి వెనక్కి తీసేటప్పుడు అవి తెగితే రక్తస్రావం గాని, స్పర్శలోపం గాని కలగవచ్చు. గడ్డం దగ్గర కాలువ తిరిగే వంపు, అక్కడి అదనపు రంధ్రాలు వంటి వైవిధ్యాలు కృత్రిమ దంతాలు అమర్చేటప్పుడు ముఖ్యమైనవి. వాటిని జ్ఞానదంతం లెక్కలో కలపడం అనవసరమైన భయానికి దారితీస్తుంది.

రెండో వైవిధ్యం శ్రోతగా వైద్యుని పాత్రనూ ప్రశ్నిస్తుంది. 'ఇంకా నొప్పి తెలుస్తోందండీ' అని రోగి అన్నప్పుడు దాన్ని భయంగా తీసిపారేయడం ఒక పద్ధతి. ఆ మాటను అతని దవడ నిర్మాణం గురించిన సమాచారంగా స్వీకరించడం మరో పద్ధతి. ఎక్స్‌రే చూపని చీలికను ఆ మాట చూపుతూ ఉండవచ్చు.

4. చూసే సాధనాన్ని బట్టి మారే సంఖ్య

ఇరుక్కున్న జ్ఞానదంతాల వర్గీకరణలో ప్రసిద్ధమైనవి 1926 నాటి వింటర్ పద్ధతి, 1933 నాటి పెల్, గ్రెగరీల పద్ధతి. మొదటిది పన్ను వంపును, రెండోది పన్ను లోతునూ, వెనుక ఉన్న చోటునూ కొలుస్తాయి. రెండింటిలోనూ కేంద్రం పన్నే. నరానికి చోటు లేదు. 1990లో రూడ్, షెహాబ్ ప్రచురించిన అధ్యయనం ఎక్స్‌రేలో పన్నుకూ కాలువకూ ఉన్న సంబంధాన్ని సూచించే ఏడు గుర్తులను పరిశీలించింది. వేరు నల్లబడినట్లు కనిపించడం, కాలువ దారి మళ్ళడం, కాలువ అంచున ఉండే తెల్లని గీత తెగిపోవడం అన్న మూడింటికి నరం గాయపడటంతో గట్టి సంబంధం ఉన్నట్లు అది చూపింది. చూపు పన్ను నుంచి దారివైపు మళ్ళడంలో ఈ అధ్యయనం కీలకమైన మలుపు.

చీలిన కాలువ ఎంతమందిలో ఉంటుందన్న ప్రశ్నకు వచ్చిన జవాబులు మరింత ఆలోచింపజేస్తాయి. 1985లో లాంగ్లైస్ బృందం 6,000 ఓపీజీ ఎక్స్‌రేలను పరిశీలించి 57 మందిలో, అంటే నూటికి ఒకరికంటే తక్కువమందిలో, దాన్ని గుర్తించింది. 2009లో నైతో బృందం కోన్ బీమ్ సి.టి. స్కాన్‌తో 122 మందిని పరిశీలించినప్పుడు ఆ సంఖ్య నూటికి 65కు చేరింది. ఇతర స్కాన్ అధ్యయనాల్లో ఇంతకంటే తక్కువ సంఖ్యలూ వచ్చాయి. పరిశీలించిన జనసమూహాలు వేరు, ఏది చీలికగా లెక్కించాలన్న నియమం వేరు. అయినా ప్రధాన కారణం సాధనమే. మూడు కొలతల దవడను ఒక చదునైన చిత్రంగా పరచినప్పుడు సన్నని శాఖలు ఒకదాని నీడలో ఒకటి కలిసిపోతాయి. 'అరుదు' అన్న మాట అందువల్ల దవడ స్వభావాన్ని కాక, చూసే కంటి పరిమితిని చెబుతోంది.

దీనినుంచి 'స్కాన్ తీయించారు కనుక భయం లేదు' అన్న నిర్ధారణకు వస్తే అదీ పొరపాటే. స్కాన్ తీసినవారినీ, ఓపీజీతో సరిపెట్టినవారినీ పోల్చిన యాదృచ్ఛిక పరీక్షల్లో, స్కాన్ వల్ల నరాల గాయాలు తగ్గినట్లు రుజువు కాలేదు. ఎక్కువగా చూడటం ఒకటి, చూసినదాన్ని బట్టి నిర్ణయం మార్చుకోవడం మరొకటి. స్కాన్‌కు ఓపీజీ కంటే రేడియేషన్ మోతాదూ, ఖర్చూ ఎక్కువ. ఓపీజీలో వేరు కాలువను తాకుతున్నట్లు అనుమానం ఉండి, స్కాన్ ఫలితం చికిత్స పద్ధతిని మార్చగలిగినప్పుడే దానికి ప్రయోజనం. ఆ ప్రయోజనం కూడా రోగికి అర్థమయ్యే వాక్యంగా మారితేనే అతని నిర్ణయంలో భాగమవుతుంది.

5. 'దెబ్బతిను': కర్త లేని క్రియ, రోగి లేని నష్టం

'దెబ్బతిను' వ్యాకరణరీత్యా గమనించదగిన క్రియ. అందులో దెబ్బ కొట్టేవారు కనిపించరు. దెబ్బ తినేది నరం. నష్టపోయే మనిషి వాక్యంలో లేడు. 'వంతెన దెబ్బతింది', 'పంట దెబ్బతింది' అన్న వాక్యాల వరుసలో ఇది చేరుతుంది. దెబ్బతిన్న తరువాత మనిషికి ఏమవుతుందో వాక్యం చెప్పదు.

జరిగేది ఇదీ. ఈ నరం స్పర్శకు సంబంధించినది. ముఖ కండరాలను కదిలించే నాడి వేరే. అందువల్ల మూతి వంకరపోదు, నవ్వు చెదరదు. అద్దంలో ముఖం ఎప్పటిలాగే ఉంటుంది. అయితే కాఫీ పెదవిని కాలుస్తున్నదీ, లేనిదీ తెలియదు. అన్నం మెతుకు అంటుకొని ఉన్నా తెలియదు. తింటూ పెదవిని కొరుక్కున్నా తెలియదు. పెదవులు కలిసి పలకవలసిన పకార, బకార, మకారాలు పలుకుతున్నప్పుడు పెదవులు తాకిన స్పృహ సగం లోపిస్తుంది. పాడేవారికీ, పిల్లనగ్రోవి ఊదేవారికీ, రోజంతా మాట్లాడే ఉద్యోగం చేసేవారికీ ఇది చిన్న విషయం కాదు. ఇతరులకు కనిపించని నష్టం కనుక దాన్ని భాష మాత్రమే చూపగలదు. ఆ భాషే మౌనంగా ఉంటే నష్టపోయినవారి మాట నమ్మేవారు కూడా ఉండరు.

తెలుగులో తరచుగా వాడే 'తిమ్మిరి' ఇక్కడ సరిపోదు. కాలుమీద కాలు వేసుకొని కూర్చుంటే వచ్చేది తిమ్మిరి, విదిలిస్తే పోతుంది. ఆ పదంలోనే తాత్కాలికత ఉంది. నరపు గాయంతో కలిగే స్థితులు అనేకం. స్పర్శ మందగించడం ఒకటి. బొత్తిగా తెలియకపోవడం మరొకటి. చీమలు పాకినట్లు, సూదులు గుచ్చినట్లు ఉండటం ఇంకొకటి. గాలి తగిలినా మంట పుట్టడం అన్నింటికంటే బాధాకరమైనది. పోటు, సలుపు, మంట, చురుకు, గుంజు, జివ్వుమనడం అంటూ బాధను ఇంత నిశితంగా వేరుచేసి చెప్పగల వ్యవహార సంపద తెలుగుకు ఉంది. సమ్మతిపత్రం దాన్ని వాడుకోవడం లేదు.

సంస్కృత సమాసాలు కూర్చడం దీనికి పరిష్కారం కాదు. 'అధోదంతకోశ నాడీక్షతి' అన్నంత మాత్రాన అనువాదకునికి పని పూర్తయినట్లు అనిపించవచ్చు. రోగికి మాత్రం ఆంగ్లం చదివినట్లే ఉంటుంది. ఇక్కడ కావలసింది కొత్త పదం కాదు, కర్తా కర్మా క్రియా ఉన్న వాక్యం.

6. 'వచ్చు': సంభావ్యతా, సమ్మతీ

'-వచ్చు' తెలుగులో అనుమతినీ తెలుపుతుంది, అవకాశాన్నీ తెలుపుతుంది. 'మీరు వెళ్ళవచ్చు' అనుమతి. 'వాన పడవచ్చు' అవకాశం. రెండో అర్థంలో అది ఎంత అవకాశమో చెప్పదు. వెయ్యిలో ఒకరికి జరిగేదానికీ, పదిలో ఒకరికి జరిగేదానికీ అదే ప్రత్యయం.

పెదవి స్పర్శ తాత్కాలికంగా తగ్గడం అధ్యయనాన్ని బట్టి నూటికి ఒకరికంటే తక్కువ మొదలు సుమారు ఎనిమిది మంది వరకు ఉంది. శాశ్వత నష్టం నూటికి ఒకరికంటే తక్కువ. ఇవి అందరినీ కలిపి తీసిన లెక్కలు. కాలువకు దూరంగా వేళ్ళున్న వ్యక్తికి ఈ లెక్క ఎక్కువ. ఎముక పొర కూడా లేకుండా వేరూ నరమూ ఆనుకొని ఉన్న వ్యక్తికి ఈ లెక్క తక్కువ. సగటు ఇద్దరికీ సరిపోదు.

ఈ విషయానికి న్యాయపరమైన పార్శ్వం కూడా ఉంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో భారత సుప్రీంకోర్టు, చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు, చికిత్స నిరాకరిస్తే కలిగే పరిణామాలు రోగికి తెలియజేయాలని స్పష్టం చేసింది. అరుదైన, కేవలం సిద్ధాంతపరమైన ప్రమాదాలను వివరించనవసరం లేదని కూడా చెప్పింది. 2015లో మాంట్‌గోమరీ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసి, ఆ రోగి స్థానంలో ఉన్న వివేకవంతుడైన వ్యక్తి దేన్ని ముఖ్యమనుకుంటాడో దాన్ని చెప్పాలంది.

వివరాలు ఎక్కువైతే రోగి భయపడి అవసరమైన చికిత్సను కూడా మానుకుంటాడన్నది వైద్యుల వైపునుంచి వినవచ్చే అభ్యంతరం. అది తీసివేయదగినది కాదు. 2008 తీర్పు ఇచ్చిన వెసులుబాటు వెనుక ఉన్నదీ ఆ ఆలోచనే. కాని నాళ వైవిధ్యం ఈ వాదాన్ని లోపలినుంచే మారుస్తుంది. సగటు మనిషికి 'అరుదైన' ప్రమాదం, కాలువ వేళ్ళ మధ్యనుంచి వెళ్ళే మనిషికి 'ముఖ్యమైన' ప్రమాదం. ఏది అరుదు, ఏది ముఖ్యం అన్న విభజనను నిర్ణయించేది అతని దవడే. ఎక్స్‌రే చూసిన తరువాత కూడా అందరికీ ఒకే వాక్యం చెప్పడమంటే, చూసినదాన్ని రోగికి చెప్పకపోవడమే.

ప్రత్యామ్నాయాల విషయంలోనూ ఆ వాక్యం మౌనమే. బాధ పెట్టని, జబ్బు లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్తగా తీయనవసరం లేదని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2000లో మార్గదర్శకం ఇచ్చింది. తీయక తప్పనప్పుడు, పన్ను పైభాగాన్ని మాత్రమే తొలగించి నరాన్ని ఆనుకొన్న వేళ్ళను వదిలివేసే పద్ధతి 1984 నుంచి వైద్య సాహిత్యంలో ఉంది. దానికీ పరిమితులున్నాయి. వేళ్ళు జబ్బుపడితే ఆ పద్ధతి పనికిరాదు. కోస్తున్నప్పుడు వేళ్ళు కదిలితే వాటినీ తీయాలి. వదిలిన వేళ్ళు కాలక్రమంలో పైకి జరిగి రెండోసారి శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

7. మరో వాక్యం సాధ్యమేనా?

పై విమర్శ సార్థకం కావాలంటే తెలుగులో ఈ విషయం చెప్పి చూపాలి. వేరు కాలువను ఆనుకొని ఉన్న రోగికి వివరణ ఇలా ఉండవచ్చు:

'మీ కింది దవడ ఎముకలో సన్నని కాలువలాంటి దారి ఉందండీ. మీ పెదవికీ గడ్డానికీ స్పర్శ తెలిపే నరం అందులోంచి వెళ్తుంది. ఈ దారి అందరికీ ఒకేచోట ఉండదు. మీకు పన్ను వేరు దాన్ని ఆనుకొని ఉన్నట్లు ఎక్స్‌రేలో కనిపిస్తోంది. అందువల్ల మామూలు వారికంటే మీకు ప్రమాదం ఎక్కువ. నరం నలిగితే, ఇప్పుడు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి ఎలా మొద్దుబారుతుందో అలాగే కొన్ని వారాలో నెలలో ఉండవచ్చు. ఎక్కువమందికి తిరిగి వస్తుంది, కొద్దిమందికి రాదు. మూతి మాత్రం వంకరపోదు. నాలుక పక్కన ఇంకో నరం ఉంది. అది ఎక్స్‌రేలో కనిపించదు. దానికి దెబ్బ తగిలితే నాలుకకు ఒకవైపు స్పర్శా రుచీ తగ్గుతాయి. పన్ను మొత్తం తీయడం, పైభాగం తీసి వేళ్ళు వదిలేయడం, ఇప్పటికి తీయకుండా గమనిస్తూ ఉండటం - ఈ మూడింటిలో మీకు ఏది తగినదో మాట్లాడుకుందాం.'

ఈ వివరణలో ఇంజెక్షన్, ఎక్స్‌రే అన్న రెండు మాటలు తప్ప ఆంగ్ల పదాలు లేవు. నిఘంటువు తీయవలసిన పదం ఒక్కటీ లేదు. రోగికి ఇప్పటికే తెలిసిన మొద్దుబారే అనుభవాన్ని కొలమానంగా తీసుకోవడంతో నష్టం ఊహకు అందుతుంది. 'అందరికీ ఒకేచోట ఉండదు' అన్న చిన్న వాక్యం అంగరచనాశాస్త్రంలోని వైవిధ్య భావనను మొత్తంగా రోగి ముందు పెడుతుంది. బిగ్గరగా చదివితే నిమిషంలో ముగుస్తుంది.

8. ముగింపు

'నరం దెబ్బతినవచ్చు' అన్న వాక్యంలో అబద్ధం లేదు. అది అందరి విషయంలోనూ నిజమే. అందుకే ఏ ఒక్కరి విషయంలోనూ ఉపయోగపడదు. నరం ఏదో చెప్పని నామవాచకం, మనిషి లేని క్రియ, మోతాదు లేని ప్రత్యయం కలిసి, సంతకానికి సరిపోయి నిర్ణయానికి చాలని వాక్యాన్ని తయారుచేశాయి. లోపం తెలుగుది కాదు. కాలువ, పిల్లకాలువ, వేరు, మొద్దుబారడం, చీమలు పాకడం వంటి మాటలన్నీ వాడుకలో సిద్ధంగా ఉన్నాయి. వైద్యభాషను పారిభాషిక పదాల సంఖ్యతో కొలిచే అలవాటు వల్ల వాక్యంపై దృష్టి తగ్గింది.

తెలుగు శాఖలు, దంతవైద్య కళాశాలలు కలిసి సమ్మతిపత్రాల భాషను పరిశీలించడం, రోగుల చేత చదివించి వారికి ఏమి అర్థమైందో అడిగి తెలుసుకోవడం ఈ దిశలో చేయదగిన తదుపరి పరిశోధన. దవడలోని దారి మనిషి మనిషికీ మారుతుందని శాస్త్రం గుర్తించింది. ఆ మార్పు వివరణలోని వాక్యంలో కూడా కనిపించినప్పుడే రోగి పెట్టే సంతకానికి అర్థం ఉంటుంది.